డివైస్ ఆన్‌బోర్డింగ్ సర్వీసును ఎక్కడ నడపాలి? ఎడ్జ్ క్లౌడ్ కోసం నాలుగు దారుల పోలిక

కొన్ని వందల గేట్‌వేలో కెమెరాలో కొన్నారు. అవి రకరకాల సైట్లకు వెళ్తాయి. అక్కడ వాటిని గోడకు బిగించే మనిషి చేతికి పాస్‌వర్డులు ఇవ్వడం మీకు ఇష్టం లేదు. కరెంటు, నెట్‌వర్క్ కేబుల్ తగిలించగానే పరికరం తన యజమాని ఎవరో తానే తెలుసుకోవాలి, ఆ యజమాని నిజమైనవాడో కాదో తేల్చుకోవాలి, తనకు కావలసిన సర్టిఫికెట్లు, ఏజెంటు (పరికరాన్ని నిర్వహించే ప్రోగ్రాం) తీసుకుని పనిలోకి దిగాలి. సెక్యూర్ డివైస్ ఆన్‌బోర్డింగ్ అంటే ఇంతే.

ఇంటెల్ 2017లో ఇదే పేరుతో మొదలుపెట్టిన పని ఫిడో అలయన్స్ అనే ప్రమాణాల సంస్థ చేతికి వెళ్లి, 2021లో ఎఫ్‌డీఓ (ఫిడో డివైస్ ఆన్‌బోర్డ్) అనే ప్రమాణంగా బయటికి వచ్చింది. దాంతో ఏ ప్రోటోకాల్ వాడాలన్న ప్రశ్న చాలామందికి తేలికైంది. దాని సర్వర్లను ఎక్కడ నడపాలన్నది మాత్రం అలాగే ఉంది. రిఫరెన్స్ కోడ్‌లో అన్నీ కలిపిన ఆల్-ఇన్-వన్ రూపం ఉంటుంది కాబట్టి, దాన్ని అలాగే తీసుకెళ్లి ఎడ్జ్ క్లస్టర్‌లో (సైట్ దగ్గరే ఉండే చిన్న సర్వర్ల గుంపులో) పెట్టేస్తుంటారు. డెమోకు అది చాలు. అసలు వాడకానికి అలా చేయకండి. ఇందులో ఉన్న మూడు సర్వర్లలో ఒకటి శత్రువు చేతిలో పడ్డా పెద్ద నష్టం లేదు, ఇంకొకటి పడితే మీ పరికరాలన్నీ పోయినట్టే. వాటిని ఒకేచోట ఎందుకు పెట్టాలి?

## మూడు సర్వర్లు, ఒక వోచర్

తయారీ సర్వర్ ఫ్యాక్టరీ దశలో పనిచేస్తుంది. పరికరంలో ఒక గుర్తింపు సంఖ్య, ఒక రహస్య కీ, ముందుగా ఎవరిని సంప్రదించాలో చెప్పే చిరునామా నాటుతుంది. అదే సమయంలో ఓనర్‌షిప్ వోచర్ పుడుతుంది. స్థలం చేతులు మారినప్పుడల్లా పాత దస్తావేజులకు కొత్తది జతపడినట్టు, పరికరం తయారీదారు నుంచి డీలరుకు, డీలరు నుంచి మీకు వచ్చేటప్పుడు ఒక్కో అమ్మకందారు తన కీతో సంతకం చేసి తర్వాతివాళ్ల పబ్లిక్ కీని దానికి కలుపుతాడు. వోచర్ ఫైలుగానే ప్రయాణిస్తుంది. పెట్టె విప్పాల్సిన పని లేదు.

రాండెవూ సర్వర్ చిరునామాల పుస్తకం. "ఈ గుర్తింపు ఉన్న పరికరం వస్తే నా దగ్గరికి పంపు" అని యజమాని నమోదు చేసుకుంటాడు. దీన్ని టీఓ0 అంటారు. పరికరం మేలుకుని "నేనెక్కడికి వెళ్లాలి?" అని అడిగేది టీఓ1.

ఓనర్ సర్వర్ దగ్గర అసలు పని జరుగుతుంది. టీఓ2లో ఇద్దరూ ఒకరికొకరు రుజువు చూపించుకుని, ఎన్‌క్రిప్టెడ్ దారి వేసుకుని, ఆ దారిలో కాన్ఫిగరేషన్, ఫైళ్లు, ఆదేశాలు పంపించుకుంటారు. ఆదేశాలు అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. ఓనర్ సర్వర్ చెప్పిన కమాండును పరికరం నడుపుతుంది, సాధారణంగా రూట్ హక్కులతోనే.

రాండెవూ సర్వర్‌ను ఎవరైనా హ్యాక్ చేస్తే ఏమవుతుంది? పరికరాల గుర్తింపులు, ఐపీలు చూడగలరు, సేవను ఆపేయగలరు. అంతకు మించి లాభం ఉండదు, ఎందుకంటే అది ఇచ్చే చిరునామా మీద యజమాని సంతకం ఉంటుంది, తప్పుదారి పట్టించినా అవతలివాడి దగ్గర ఓనర్ కీ లేక టీఓ2 విఫలమవుతుంది. ఓనర్ సర్వర్ హ్యాక్ అయితే మాత్రం కథ ముగిసినట్టే.

## ఏమేం చూసి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు ఓనర్ ప్రైవేట్ కీ ఎక్కడ ఉంటుందన్నది. తాళం లేని గదిలో, ఎవరి చేతికైనా అందే ఎడ్జ్ సర్వర్‌లోనా, హెచ్‌ఎస్‌ఎం (కీలను బయటికి రానివ్వని ప్రత్యేక హార్డ్‌వేర్) ఉన్న డేటా సెంటర్‌లోనా? కంటైనర్లను నడిపే కుబెర్నెటిస్‌లోని సీక్రెట్‌లో పెట్టేశాం కదా అనుకోకండి. అది బేస్64 మాత్రమే, అంటే ఎవరైనా తిప్పి చదవగల రాత, మీరు విడిగా ఆన్ చేయకపోతే డేటాబేస్‌లో ఎన్‌క్రిప్షన్ ఉండదు. కుబెర్నెటిస్ చిన్న రూపమైన కే3ఎస్‌లోనూ సీక్రెట్ల ఎన్‌క్రిప్షన్‌కు ఒక ఆప్షన్ ఇచ్చుకోవాలి.

రెండోది రాండెవూ చిరునామా ఆయుష్షు. అది ఫ్యాక్టరీలోనే పరికరంలో పడుతుంది. గోడౌన్‌లో రెండేళ్లు పడి ఉన్న పెట్టెను తెరిచి బిగించిన రోజు కూడా ఆ పేరు పలకాలి. పోలికల్లో దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ, తర్వాత తలపట్టుకునేది మాత్రం దీని దగ్గరే. అక్కడ ఐపీ రాయించకండి, మీ అధీనంలో ఉండే డీఎన్‌ఎస్ పేరు రాయించండి.

మూడోది, బయటి నెట్ లేనప్పుడు కొత్త పరికరం చేరాలా, రేపటిదాకా ఆగినా పర్వాలేదా? నిజాయితీగా జవాబు చెప్పుకుంటే చాలాచోట్ల ఆగినా పర్వాలేదు. నాలుగోది సైట్ల సంఖ్య, వాటిని చూసుకునే మనుషుల సంఖ్య. ఐదోది, రేపు ఈ దారి వద్దనుకుంటే బయటపడటం ఎంత కష్టం.

## దారి ఒకటి: మొత్తం సైట్‌లోనే

రాండెవూ, ఓనర్ రెండూ సైట్‌లోని చిన్న క్లస్టర్‌లో ఉంటాయి. ఇంటర్నెట్ అక్కర్లేదు. గని, ఓడ, రక్షణ సంస్థ, బయటి లింకు అస్సలు ఒప్పుకోని కర్మాగారం లాంటి చోట్ల వేరే మార్గం కూడా లేదు.

ఇబ్బంది మొదట్లోనే వస్తుంది. ఏ పరికరం ఏ సైట్‌కు వెళ్తుందో ఫ్యాక్టరీకి తెలియదు, మరి రాండెవూ చిరునామా ఏమని రాస్తారు? అన్ని పరికరాల్లోనూ ఒకే డీఎన్‌ఎస్ పేరు రాయించి, ప్రతి సైట్‌లోని లోకల్ డీఎన్‌ఎస్ ఆ పేరును తన సొంత సర్వర్‌కు చూపేలా పెడితే సరిపోతుంది. డీఎన్‌ఎస్‌ను ఎవరో మోసం చేస్తారేమో అన్న భయం ఇక్కడ తక్కువే. రుజువు టీఓ2లో జరుగుతుంది కాబట్టి పేరు తప్పుదారి పట్టినా పరికరం దొంగకు లొంగదు. ఇంకో అడుగు ముందుకు వెళ్లొచ్చు. ఎఫ్‌డీఓలో రాండెవూ బైపాస్ అని ఒక అమరిక ఉంది. అది ఉంటే పరికరం టీఓ1 వదిలేసి నేరుగా ఓనర్ దగ్గరికి వెళ్తుంది. మూసి ఉన్న సైట్‌కు ఇదే నా ఎంపిక. నడపాల్సిన సర్వర్ ఒకటి తగ్గుతుంది. అయితే ఈ అమరికలు మీరు చెప్పినట్టు పెట్టాలంటే తయారీదారు మీ మాట వినేంత ఆర్డరు మీకుండాలి.

అసలు చిక్కు కీల దగ్గర. అన్ని సైట్లకూ ఒకే ఓనర్ కీ ఇస్తే, ఒక్క సైట్‌లో డిస్క్ దొంగతనం జరిగినా అన్ని సైట్ల కొత్త పరికరాలూ ప్రమాదంలో పడతాయి. సైట్‌కో కీ ఇస్తే వోచర్లు ముందే ఆ కీ పేరున ఉండాలి. సరఫరాదారును సైట్‌వారీగా వోచర్లు అడిగితే ఒప్పుకోడు, ఒప్పుకున్నా తప్పులు దొర్లుతాయి. మంచి పద్ధతి ఏమిటంటే, సరఫరాదారు అన్నిటినీ మీ కేంద్ర కీ పేరున ఇస్తాడు. పెట్టె ఏ సైట్‌కు బయలుదేరుతుందో ఖాయమైన రోజున కేంద్రంలో మీరే ఒక సంతకం జోడించి ఆ సైట్ కీ పేరున వోచర్‌ను పొడిగిస్తారు. కేంద్ర కీ ఎప్పుడూ సైట్‌లోకి వెళ్లదు. ఏదైనా సైట్‌లో దొంగతనం జరిగితే నష్టం అక్కడికే పరిమితం.

## దారి రెండు: రాండెవూ కేంద్రంలో, ఓనర్ సైట్‌లో

రాండెవూ సర్వర్‌ను అందరికీ అందే క్లౌడ్‌లో పెట్టి, ఓనర్ సర్వర్‌ను ఎడ్జ్‌లో ఉంచడం. నమ్మకం తక్కువ అవసరమయ్యే భాగం బయట, ఎక్కువ కావలసింది లోపల. ఆరేడు సైట్ల నుంచి యాభై సైట్ల దాకా ఉన్నవాళ్లకు ఇది బాగా కుదురుతుంది.

ఇందులో గమనించాల్సినవి రెండు. టీఓ0 నమోదుకు గడువు ఉంటుంది. గడువు లోపల ఓనర్ మళ్లీ నమోదు చేస్తూ ఉండాలి. సైట్ లింకు వారం పాటు తెగితే నమోదు కాలం చెల్లి, తర్వాత వచ్చిన పరికరానికి "నీ గురించి తెలియదు" అన్న జవాబు వస్తుంది. అది కాసేపాగి మళ్లీ అడుగుతుంది కాబట్టి కొంప మునగదు, కానీ అక్కడ నిలబడ్డ టెక్నీషియన్‌కు మాత్రం టెన్షనే. పరికరాలు ఎప్పుడు వస్తాయో తెలియనప్పుడు గడువు ఎక్కువ పెట్టుకోండి.

రెండోది నాట్, అంటే లోపలి ఐపీలను బయటికి ఒకే ఐపీగా చూపే రూటర్ ఏర్పాటు. ఎడ్జ్ క్లస్టర్ లోపలి ఐపీ బయటివాళ్లకు అందదు. పరికరం అదే లోకల్ నెట్‌వర్క్‌లో ఉంటే ఏ ఇబ్బందీ లేదు. మొబైల్ సిమ్‌తో వచ్చే పరికరాలు మాత్రం బయటి నుంచి రావాలి. టీఓ0లో ఒకటి కంటే ఎక్కువ చిరునామాలు ఇవ్వొచ్చు కాబట్టి ముందు లోపలి ఐపీ, దాని వెనక బయటి డీఎన్‌ఎస్ పేరు ఇవ్వండి. పరికరం వరసగా ప్రయత్నిస్తుంది.

ఓపెన్ హొరైజన్ లాంటి ఎడ్జ్ ప్లాట్‌ఫాం ఇప్పటికే వాడుతున్నవాళ్లకు దాని మేనేజ్‌మెంట్ హబ్‌తోపాటే ఎఫ్‌డీఓ సేవలు వస్తాయి. వోచర్ దిగుమతి చేసి, ఆ పరికరానికి ఏ పాలసీ వర్తించాలో చెప్తే ఏజెంటు దానంతట అదే పడుతుంది. సౌకర్యమే. కాకపోతే అప్పుడు ఓనర్ సేవ హబ్ ఉన్నచోటే ఉంటుంది, అంటే మీరు తెలియకుండానే మూడో దారిలోకి వచ్చేస్తారు.

## దారి మూడు: ఓనర్ కేంద్రంలో, ఎడ్జ్‌లో ఫైళ్లు మాత్రమే

ఓనర్ సర్వర్, కీ, వోచర్ల డేటాబేస్ అన్నీ ప్రాంతీయ డేటా సెంటర్‌లో ఉంటాయి. ఎడ్జ్‌లో ఉండేది కంటైనర్ ఇమేజీల, ప్యాకేజీల లోకల్ కాపీ. ఎటూ తేల్చుకోలేకపోతే నేను చెప్పేది ఇదే. ఒకే హెచ్‌ఎస్‌ఎం, ఒకే బ్యాకప్, ఒకే ఆడిట్ లాగ్. వందల సైట్లున్నా చూసుకునే మనుషులు ఇద్దరు ముగ్గురే ఉంటే ఇంకో ఆలోచన వద్దు.

లోపం తెలిసిందే, బయటి లింకు లేకపోతే కొత్త పరికరం చేరదు. చేరిపోయిన పరికరాలకు దీంతో సంబంధం లేదు, అవి పనిచేస్తూనే ఉంటాయి. ఇంకో తప్పు సులభంగా జరుగుతుంది. పెద్ద ఫైళ్లను టీఓ2 లోపలే పంపిద్దామనుకుంటారు. టీఓ2లో ఫైళ్లను మోసే సర్వీస్ ఇన్ఫో సందేశాలు చిన్న ముక్కలు, వేరే పరిమాణం ఒప్పుకోకపోతే ఒక్కోటి 1300 బైట్లే. 100 మెగాబైట్ల ఫైలు అంటే డెబ్బై వేలకు పైగా రాకపోకలు. దూరపు లింకు మీద అది ఎప్పటికి పూర్తవుతుందో లెక్కేసుకోండి. టీఓ2లో చిరునామా, హ్యాష్ (ఫైలు మారలేదని చూసుకునే వేలిముద్ర), సర్టిఫికెట్ మాత్రమే ఇచ్చి, అసలు ఫైలును ఎడ్జ్‌లోని కాపీ నుంచి తెచ్చుకోమనడం పద్ధతి.

## దారి నాలుగు: క్లౌడ్ కంపెనీ రెడీమేడ్ సేవ

అజూర్ డివైస్ ప్రొవిజనింగ్ సర్వీస్, ఏడబ్ల్యూఎస్ ఫ్లీట్ ప్రొవిజనింగ్ ఈ కోవలోవి. సర్వర్ నడిపే బాధ లేదు. పరికరాలు చివరికి ఆ క్లౌడ్‌కే డేటా పంపేటప్పుడు దీన్ని కాదనడానికి గట్టి కారణం ఉండాలి.

భద్రత స్థాయి మీరు ఎంచుకునే పద్ధతి మీద ఆధారపడుతుంది. అజూర్‌లో టీపీఎం (పరికరంలోని భద్రతా చిప్), ఎక్స్.509 (సర్టిఫికెట్), సిమెట్రిక్ కీ (ఇరువైపులా ఒకే రహస్యం) అని మూడు రకాలు. మూడోది సులువు, అందుకే బలహీనం. ఏడబ్ల్యూఎస్‌లో క్లెయిమ్ పద్ధతి అంటే ఒకే సర్టిఫికెట్‌ను చాలా పరికరాల్లో పెట్టి, మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు దాన్నిచ్చి సొంత సర్టిఫికెట్ తీసుకోవడం. ఆ ఉమ్మడి సర్టిఫికెట్ ఒక్క పరికరం నుంచి బయటపడినా ఎవడైనా తలుపు తట్టొచ్చు. అందుకే సీరియల్ నంబరు సరిచూసే లాంబ్డా హుక్ (సొంత సర్టిఫికెట్ ఇచ్చేముందు నడిచే చిన్న కోడ్) పెట్టకుండా దీన్ని వాడకూడదు.

యజమాని ఎవరో ఫ్యాక్టరీలోనే ఖాయం కావాలన్నది ఇందులోని పెద్ద పరిమితి. ఎఫ్‌డీఓలో ఒకే మోడల్ ఎవరికైనా అమ్ముడుపోవచ్చు, యజమాని ఆఖర్లో తేలుతాడు. పైగా గూగుల్ తన ఐఓటీ కోర్ సేవను 2023 ఆగస్టులో మూసేసింది, ముందు ఇచ్చిన గడువు ఏడాదే. పరికరాలు పదేళ్లు బతుకుతాయి, క్లౌడ్ సేవకు అలాంటి హామీ లేదు. మధ్యే మార్గం ఉంది. ఆన్‌బోర్డింగ్ ఎఫ్‌డీఓతో చేసి, క్లౌడ్‌కు కావలసిన సర్టిఫికెట్‌ను టీఓ2లో పంపండి. క్లౌడ్ మారితే పంపేది మారుస్తారు, ఇంకా పెట్టెలు విప్పని పరికరాల జోలికి వెళ్లే పని ఉండదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడాల్సింది | మొత్తం సైట్‌లో | రాండెవూ కేంద్రం, ఓనర్ సైట్ | ఓనర్ కేంద్రంలో | క్లౌడ్ రెడీమేడ్ |
|---|---|---|---|---|
| ఓనర్ కీ భద్రత | సైట్ తాళం ఎంత గట్టిదైతే అంత | అదే | హెచ్‌ఎస్‌ఎం పెట్టడం తేలిక | ఓనర్ కీ ఉండదు, ఖాతా హక్కులే తాళం |
| బయటి లింకు తెగితే | పనిచేస్తుంది | నమోదు, వెతుకులాట ఆగుతాయి | కొత్తవి చేరవు | కొత్తవి చేరవు |
| సైట్లు పెరిగితే | భారం సైట్‌కో రెట్టు | వోచర్ల పంపిణీ పని పెరుగుతుంది | పెద్ద తేడా లేదు | తేడా లేదు |
| యజమాని ఆఖర్లో తేలడం | కొంత కష్టపడితే కుదురుతుంది | కుదురుతుంది | కుదురుతుంది | కుదరదు |
| బయటపడటం | సులువు | సులువు | సులువు | కష్టం |

## ఏ దారైనా తప్పని బ్యాకప్

వోచర్లు దిగుమతి చేసిన రోజున బ్యాకప్ తీసి, హమ్మయ్య అనుకుంటారు. అది సగమే. టీఓ2 పూర్తయ్యాక మామూలుగా పరికరం గుర్తింపు, రహస్యం, యజమాని వివరాలు కొత్తగా మారిపోతాయి. సరఫరాదారు దగ్గర ఉన్న పాత వోచర్ ఇక చెల్లదు. కొత్త వోచర్ ఓనర్ సర్వర్ డేటాబేస్‌లోనే ఉంటుంది. ఆ డేటాబేస్ పోతే పరికరం పనిచేస్తూనే ఉంటుంది గానీ, దాన్ని తుడిచి మళ్లీ ఆన్‌బోర్డ్ చేయలేరు, ఇంకొకరికి అమ్మలేరు. కాబట్టి ప్రతి ఆన్‌బోర్డింగ్ తర్వాత బ్యాకప్ బయటికి వెళ్లాలి. ఒకే నోడ్ మీద, లోకల్ డిస్క్‌తో నడిచే ఎడ్జ్ క్లస్టర్లలో ఇది మరీ ముఖ్యం. కే3ఎస్ మామూలుగా ఎస్‌క్యూలైట్ అనే ఒకే ఫైలు డేటాబేస్‌తో వస్తుంది, దానికి బదులు కే3ఎస్‌లోనే ఉన్న ఎట్‌సీడీ డేటాబేస్‌తో నోడ్ పడిపోయినా నిలబడాలంటే కనీసం మూడు సర్వర్ నోడ్లు ఉండాలి. చిన్న సైట్‌లో మూడు పెట్టలేకపోతే ఒకటీ రెండో దారులు మీకు సరిపడవు.

ఓనర్ కీ పోతే నష్టం వేరే రకం. ఇంకా చేరని పరికరాల వోచర్లన్నీ తెరవలేని తాళాలవుతాయి. సరఫరాదారు దగ్గర పాత వోచర్ కాపీ ఉంటే మీ కొత్త కీ పేరున మళ్లీ సంతకం చేయించుకోవచ్చు, కానీ అది వాళ్ల దయ. కొనుగోలు ఒప్పందంలోనే ఆ మాట రాయించుకోండి.

## ఎవరికి ఏది

పది లోపు సైట్లు, నెట్ బాగానే ఉంటుంది, ప్రత్యేక టీమ్ లేదు: మూడో దారి. సైట్‌కు తాళం, కెమెరా, స్థానిక ఐటీ మనుషులు ఉండి, నెట్ తెగినా కొత్త పరికరాలు చేరక తప్పని ఫ్యాక్టరీ: మొదటి దారి, బైపాస్‌తో. రెండో దారి ఆ రెండిటి మధ్య ఉన్నవాళ్లది, ముఖ్యంగా ఒక్కో సైట్ ఒక్కో సంస్థ అధీనంలో ఉండి ఎవరి కీ వాళ్ల దగ్గరే ఉండాలన్నప్పుడు. పరికరాలు మీరే తయారుచేసి ఒకే క్లౌడ్‌కు కలిపేవాళ్లయితే నాలుగో దారిలో టీపీఎం లేదా ఎక్స్.509 ఎంచుకుని, ఎఫ్‌డీఓ గొడవ పెట్టుకోకండి.

మీరు చేర్చేవి స్విచ్‌లు, రూటర్లు అయితే ఈ పోలికే అక్కర్లేదు. వాటికి ఆర్‌ఎఫ్‌సీ 8572లోని ఎస్‌జడ్‌టీపీ, ఆర్‌ఎఫ్‌సీ 8995లోని బ్రూస్కీ అనే ఆన్‌బోర్డింగ్ ప్రమాణాలు ఉన్నాయి. తయారీదారు ఏది ఇస్తే అదే వాడతారు. బ్రూస్కీలో మామూలుగా చేర్చే సమయానికి తయారీదారు సర్వర్ అందుబాటులో ఉండాలి, ఎఫ్‌డీఓలో వోచర్ ముందే మీ చేతికి వస్తుంది. ఎడ్జ్‌కు సంబంధించినంతవరకు నా ఓటు ఎఫ్‌డీఓకే.

కోడ్ విషయం పెద్దగా ఆలోచించాల్సింది కాదు. సర్వర్లు జావా, రస్ట్, గో భాషల్లో ఓపెన్ సోర్స్‌గా ఉన్నాయి, చిన్న పరికరాలకు సీ క్లయింట్ ఉంది. మీ టీమ్‌కు ఏ భాష వస్తే అది తీసుకోండి. ఏదైనా సరే, ఓనర్ సర్వర్‌ను ఒకటికి మించి రెప్లికాలతో (అదే సర్వర్ కాపీలతో) నడిపేముందు టీఓ2 సెషన్ అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న డేటాబేస్‌లో ఉంటుందో లేదో చూడండి. ఒక రెప్లికాతో మొదలైన సంభాషణ ఇంకోదానికి వెళ్తే తెగిపోకూడదు.

పైలట్‌లో అంతా సజావుగా జరిగినప్పుడు చూసేది తక్కువ, కావాలని చెడగొట్టి చూడండి. గడియారం బ్యాటరీ లేని పరికరం ఇది 1970 అనుకుని మేల్కొంటే టీఎల్‌ఎస్ సర్టిఫికెట్‌ను తిరస్కరిస్తుందా? అలా తిరస్కరిస్తే, ఎఫ్‌డీఓ సందేశాలకు సొంత రక్షణ ఉంది కాబట్టి మామూలు హెచ్‌టీటీపీ మీద కూడా నడిపించొచ్చు. వేరే యజమాని వోచర్‌తో టీఓ0 చేయబోతే రాండెవూ ఒప్పుకుంటుందా? ఎవరి తయారీ కీలను నమ్మాలో జాబితా పెట్టారా? చివరగా, టీఓ2 సందేశాలు 60 నుంచి 71 దాకా ఉంటాయి. 70కీ 71కీ మధ్య కరెంటు తీసేసి, మళ్లీ ఇచ్చి చూడండి. పరికరం కొత్త గుర్తింపుతో, సర్వర్ పాత వోచర్‌తో మిగిలిపోతే దాన్ని ఎవరు, ఎలా సరిచేస్తారో పెట్టెలు సైట్లకు బయలుదేరకముందే రాసిపెట్టుకోండి.